కోటు ఫోటో ఎవరి ఫోన్‌కి వచ్చింది

మా మనవరాలి ఒంటి మీద పడ్డ మొదటి గుడ్డ నేను కుట్టిందే. మెత్తబడ్డ పాత చొక్కా ఒకటి విప్పి, కుట్లన్నీ బయటివైపుకి వచ్చేలా కుట్టాను, పసిదాని ఒంటికి గీసుకోకూడదని. ఆ తర్వాత గౌన్లు, బడి యూనిఫారాలు, కాలేజీకి వేసుకెళ్ళే చొక్కాలు, అన్నీ నా మిషను మీద నుంచి దిగినవే. ఏది ఎప్పుడు కుట్టానో, ఏ గౌనుకి ఏ బొత్తాం ముందు ఊడిందో ఇప్పుడడిగినా చెబుతాను. చదువు నాకు అంతగా అబ్బలేదు. రాసుకోవడం రాదు కాబట్టి గుర్తుపెట్టుకోవడం అలవాటైపోయింది.

అందుకని ఆ పిల్ల లా పరీక్ష పాసై ఒక పెద్ద లాయరు దగ్గర జూనియరుగా చేరిందని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ సంతోషించారు గానీ, నా మనసు మాత్రం నేరుగా నల్లకోటు మీదకి పోయింది. కోటు కుట్టడం తేలిక కాదు. భుజం దగ్గర బట్ట నిలబడాలి, కాలరు మెడకి అంటుకుని కూర్చోవాలి, లోపలి లైనింగు బయటికి తొంగిచూడకూడదు. నేను కుట్టిన కోటు వేసుకుని నా మనవరాలు జడ్జిగారి ముందు నిలబడుతుంది. ఇక చాలు, ఈ చేతులు చేయాల్సింది చేశాయి అనుకోవచ్చు.

తీరా ఆ కోటు ఫోటో నా ఫోన్‌కి రాలేదు. మా తోడికోడలి ఫోన్‌కి వచ్చింది.

తోడికోడలంటే మా మరిది భార్య. మా మరిది పోయినప్పటి నుంచీ కొడుకుతో పైఅంతస్తులో ఉంటుంది, మేం కింద. వీధివైపు గదిని కొట్టు చేసుకున్నాం. గుమ్మానికి ఈ పక్క నా మిషను, ఆ పక్క దాని మిషను, మధ్యలో బట్ట కత్తిరించే పొడుగుబల్ల. గోడ కొక్కేలకి ఇచ్చేయాల్సిన బట్టలు వేలాడుతుంటాయి. కింద బుట్టలో ముక్కలు, ఆ ముక్కల్లో ఎప్పుడూ ఒకటో రెండో సూదులు. కొత్తవి కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఇప్పుడంతా కొన్నవాటిని సరిచేయడమే. ప్యాంటు పొట్టి చెయ్యండి, నడుము వదులు చెయ్యండి, జిప్పు మార్చండి. ఇన్నేళ్ళూ ఆ బల్లకి అటూ ఇటూ కూర్చుని పనిచేశాం గానీ ఒక్కనాడూ మాటామాటా అనుకున్నది లేదు. నా మటుకు నాకు దాన్ని చూసి కుళ్ళుకోవాల్సిన అవసరమూ రాలేదు. పెద్దకోడల్ని నేను. మనవరాలు నాది. దాని కొడుక్కి ఇంకా పెళ్ళే కాలేదు.

ఆ సాయంత్రం బుడంకాయ ఫోన్ చేసింది. బుడంకాయ అంటే మా మనవరాలే. పుట్టినప్పుడు గుండ్రంగా, పచ్చగా ఉండేదని మా ఆయన పెట్టిన పేరు. ఇప్పుడు గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత ఎత్తయింది, పేరు మాత్రం ఊడలేదు.

“నాయనమ్మా, నీకు ఫోటో పంపితే వెళ్ళట్లేదు. ఒక్క టిక్కే పడుతోంది” అంది.

“ఏం ఫోటో తల్లీ?”

“కోటుది. సరేలే, చిన్ననాయనమ్మకి పంపించేశాను. చూసింది కూడా. ఏం చెయ్యాలో అంతా తనకి చెప్పాను. ఆదివారం వస్తాను. ఉంటా, నన్ను పిలుస్తున్నారు.”

చూసింది కూడా. ఆ మాట సూదిలా దిగింది. ఫోన్ పెట్టేశాక కూడా నేను దాన్ని చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత తెరిచి చూస్తే, ఫోటోలు వచ్చే ఆ యాప్‌లో ఏదో పొడుగ్గా రాసి ఉంది. మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఈ ఫోన్ పాతది, ఇందులో ఇకపై పనిచేయము, కొత్త ఫోన్ తీసుకోగలరు అని దాని సారాంశం. చదివి, ఆ కళ్ళజోడు మీదుగా నావైపు చూశారు, గెలిచినట్టు.

“చెప్పానా లేదా? ఫోన్ శుభ్రంగా ఉంది. గీత పడలేదు, కింద పడలేదు. వాళ్ళే చంపారు.”

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి దిగిపోయిన మనిషి. కంపెనీలన్నీ మనచేత మళ్ళీ మళ్ళీ కొనిపించడానికే వస్తువుల్ని పాడు చేస్తాయని ఆయన నమ్మకం. ఆయన మొదటి ఫోన్ అప్‌డేట్ వేసిన మర్నాటి నుంచి నత్తలా తయారైందట. అప్పటినుంచి మా ఇంట్లో చట్టం ఒకటే. ఫోన్ మీద ఆ పళ్ళచక్రం బొమ్మ వచ్చి, ‘ఇప్పుడా, తర్వాతా’ అని అడిగితే, ‘తర్వాత’ నొక్కాలి. ఆ రెండు మాటలూ నేను ఎన్నిసార్లు చూశానంటే, చదవక్కర్లేకుండానే గుర్తుపడతాను. కొన్న రోజు నుంచీ ‘తర్వాత’ నొక్కుతూనే ఉన్నాను. చెప్పిన మాట వినే పెళ్ళాన్ని మరి.

ఆ పూట మా తోడికోడలూ, దాని కొడుకూ మాతోనే భోంచేశారు. వాడు ఫోన్ల షోరూంలో పనిచేస్తాడు. వాడున్నాడు గనకే దాని చేతిలో ఎప్పుడూ కొత్త ఫోన్ ఉంటుంది. కంచాల ముందు కూర్చోగానే మా ఆయనా వాడూ మొదలుపెట్టారు.

“పెద్దనాన్నా, అప్‌డేట్ వేసుకోకపోతే దొంగలు దూరతారు. ఇంటి తాళం పాతబడితే మార్చమా?”

“తాళం మార్చడానికి వచ్చినవాడు తలుపు బరువు పెంచి పోతాడేంట్రా? నా పాత ఫోన్‌లో ఒకణ్ణి పిలిచి, మోగేలోపు వాడింటికి నడిచి వెళ్ళొచ్చేవాణ్ణి.”

“కొత్త సరుకు బరువుగా ఉంటుంది, పాత ఫోన్ మోయలేదు. కావాలని చేసింది కాదు.”

“మరి బ్యాటరీ ఎందుకు అతికించి పెట్టారు? డిపోలో నేను బ్యాటరీ మార్చని బస్సుందా? నట్లు విప్పితే చేతికొచ్చేది. వీటిలో అద్దం పగలగొట్టకుండా బ్యాటరీ మొహం కూడా చూడలేం.”

వాడు కాసేపు నమిలాడు. “అది మాత్రం నిజమే. పల్చగా ఉండాలనీ, నీళ్ళు పోకూడదనీ అంటారు. మాకు పైనుంచి చెప్పేది అదే.”

“నువ్వు నమ్ముతావా?”

“నేను అమ్ముతాను పెద్దనాన్నా.”

మా ఆయన నవ్వారు. వాడూ నవ్వాడు. నేను నవ్వలేదు. వడ్డిస్తూ వడ్డిస్తూ మా తోడికోడలి వైపు చూశాను. తన ఫోన్‌ని కంచం పక్కన బోర్లా పెట్టుకుంది. మామూలుగా వెల్లకిలా పెడుతుంది.

“బుడంకాయ ఏదో ఫోటో పంపిందటగా” అన్నాను, ఉప్పు అందిస్తూ.

“ఆ, పంపింది. కోటు సంగతి నేను చూసుకుంటాలే అక్కా, నువ్వేం బెంగపెట్టుకోకు.”

చూపించమని అడిగితే అయిపోయేది. అడిగితే అక్కడే చూపించేదేమో కూడా. కానీ నా మనవరాలి కోటుని నాకు చూపించమని నేను ఇంకొకరిని అడగాలా? ఉప్పు దానికి అందించి నా అన్నంలో నేనే వేసుకోవడం మర్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్ పట్టుకుని రిపేర్ల వీధికి వెళ్ళాను. ఆ వీధిలో కొట్లన్నీ అరల్లా ఉంటాయి, మనిషి లోపల కూర్చుంటే మోకాళ్ళు బయట ఉంటాయి. నాకు తెలిసిన కుర్రాడొకడున్నాడు, వాడి ప్యాంట్లన్నీ మా దగ్గరే పొట్టిచేయించుకుంటాడు. ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి, వీపు మీద వేలితో కొట్టి, ఏవేవో తెరిచి చూశాడు.

“బామ్మగారూ, ఫోన్ బంగారంలా ఉంది.”

“బంగారమైతే పని చెయ్యదేం నాయనా?”

“లోపలున్న సిస్టం కొన్న రోజుదే. ఒక్క అప్‌డేట్ కూడా వెయ్యలేదా?”

“మా ఆయన వద్దన్నారు.”

“అప్పుడు వేసుకుని ఉంటే ఇంకొన్నాళ్ళు లాగేది.”

“ఇప్పుడు వెయ్యి మరి.”

“ఇప్పుడు వేసినా, కంపెనీవాళ్ళు ఆపేసిన చోటు దాకే వస్తుంది. మీ యాప్‌కి అది చాలదు. ఈ మోడల్‌ని వాళ్ళు వదిలేశారు.”

“అంటే తప్పు మా ఆయనదా, కంపెనీదా?”

వాడు తల గోక్కుని, “కొంత ఆయనది, కొంత వాళ్ళది” అన్నాడు. “కానీ ఆయనకైతే చెప్పకండి, నా దగ్గరికి వచ్చి ఒక పూటంతా వాదిస్తారు. ఇంతకుముందు వచ్చారు.”

ఇంటికొచ్చి చెప్పనే చెప్పాను. “మీ మూలంగానే నా మనవరాలి కోటు చేజారింది” అన్నాను. ఆయన పేపరు దించకుండానే, “నా మూలంగా ఆ ఫోన్ ఇన్నాళ్ళు బతికింది” అన్నారు. వాళ్ళిద్దరిలో ఎవరిది నిజమో నాకు అనవసరం. నాకు తెలిసింది ఒకటే. నా ఫోన్ లోకం దృష్టిలో ముసలిదైపోయింది, నాకంటే ముందే.

ఇక ఆ రోజూ, ఆ మర్నాడూ కొట్లో కూర్చుంటే చేతులు పని మీద ఉన్నాయి గానీ కళ్ళు బల్ల అవతల ఉన్నాయి. మా తోడికోడలు చేస్తున్న ప్యాంటు పక్కన పెట్టి ఫోన్ తీస్తుంది. రెండు వేళ్ళతో ఫోటోని పెద్దది చేస్తుంది, మెడ వెనక్కి వాల్చి చూస్తుంది, పెదవి విరుస్తుంది, మళ్ళీ చిన్నది చేస్తుంది. గాల్లో వేలితో ఏదో గీస్తుంది. అంత చూడ్డానికి ఏముంటుంది? పోనీ నల్లబట్ట కొని తెచ్చిందా అంటే, అదీ కనబడదు. పైన దాచిందేమో అనుకున్నాను. నేను కోట్ల బట్ట ఎక్కడ కొంటానో దానికి తెలుసు, అక్కడే కొనుంటుంది. నా కొట్టువాడి దగ్గర కొని నా మనవరాలికి కుడుతుంది.

“అక్కా, కాలరు వెడల్పుగా ఉంటే బాగుంటుందంటావా, సన్నగా ఉంటే బాగుంటుందంటావా?” అంది రెండోరోజు పొద్దున ఉన్నట్టుండి.

“ఎవరు కుడుతున్నారో వాళ్ళిష్టం.”

“ఊరికే అడిగాలే. నీకు తెలుసుగా దాని మెడ.”

“నాకు దాని మెడేం ఖర్మ, కాలిగోళ్ళు కూడా తెలుసు.”

“అందుకే అడిగా” అని మెత్తగా నవ్వి మళ్ళీ ఫోన్‌లోకి వంగింది.

ఆ నవ్వుకి నా మిషను దారం తెగింది. మళ్ళీ ఎక్కిద్దామంటే సూది కన్ను కనబడలేదు. అది కుట్టే కోటు భుజాలు జారిపోవాలని అనుకున్నాను. అనుకున్నాక, జారితే నా పిల్లే కదా నవ్వులపాలయ్యేది అని వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ కాసేపటికి, జారితే ‘నాయనమ్మ కుట్టుంటే ఇట్లా అయ్యేదా’ అంటుంది కదా అని మళ్ళీ ముందుకు తోశాను. మధ్యాహ్నం దాకా ఇదే పని.

అప్పుడు మా తోడికోడలు పొయ్యి మీద ఏదో పెట్టానంటూ పైకి వెళ్ళింది. ఫోన్ బల్ల మీదే వదిలేసింది. దానికి తాళం ఉండదు. వేలితో గీసే ముగ్గు మర్చిపోతున్నానని వాళ్ళబ్బాయి చేత తీయించేసుకుంది. నేను చేతిలో కత్తెరతో అటు చూస్తుండగానే అది వెలిగింది. పళ్ళచక్రం బొమ్మ. కింద నాకు బాగా తెలిసిన రెండు మాటలు.

ఫోటో తెరిచి చూసేయొచ్చు కదా అంటారేమో. అది నాకు తట్టనే లేదు. నాకు తట్టింది మా ఆయన నత్త. ఇది కూడా నత్త అయితే బాగుండును. వేళ్ళతో లాగితే ఫోటో కదలకూడదు. బుడంకాయ పంపిన మాటలు మర్నాటికి చేరాలి. అప్పుడా పిల్ల విసుక్కుని, ‘ఎందుకొచ్చిన గొడవ, నాయనమ్మని టేపు పట్టుకుని రమ్మంటాను’ అంటుంది. అంతకు మించి నేను చెడు కోరలేదు.

‘ఇప్పుడు’ నొక్కాను. జీవితంలో మొదటిసారి.

ఫోన్ నల్లబడిపోయింది. నత్త కావడం కాదు, పూర్తిగా పోయింది. కాసేపటికి మధ్యలో ఒక చిన్న చుక్క గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, బాబిన్‌కి దారం చుట్టినట్టు. ఇట్లా అవుతుందని మా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. కోటు ఫోటో అందులోనే ఉంది. ఏం కుట్టాలో, ఎట్లా కుట్టాలో పిల్ల చెప్పిందంతా అందులోనే ఉంది. దాని చేతిలోంచి లాగేద్దామనుకుని అసలు కోటే లేకుండా చేశానా?

మా తోడికోడలు మెట్లు దిగి వచ్చింది. ఫోన్ చూసింది, నన్ను చూసింది.

“ముట్టుకున్నావా అక్కా?”

“వెలిగింది. నొక్కాను.”

“ఏది నొక్కావ్?”

“ఇప్పుడు అన్నది.”

అది ముక్కాలిపీట లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఇద్దరం ఆ తిరిగే చుక్కని చూస్తూ ఉండిపోయాం. ఇంతలో జిప్పు మార్చమని ఇచ్చిన ప్యాంటు కోసం ఎదురింటి టీచరమ్మ వచ్చింది. పిలిచినా ఇద్దరిలో ఎవరం తలెత్తకపోయేసరికి, బల్ల దాకా వచ్చి, “ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?” అని గొంతు తగ్గించి అడిగింది. కొక్కెం వైపు వేలు చూపించాను. ఆవిడే తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళింది.

చుక్క ఆగింది. ఫోన్ వెలిగింది. మా తోడికోడలు తెరిచింది. అక్షరాలు ఇంతకుముందు కంటే పెద్దగా, నల్లగా, ముత్యాల్లా కూర్చున్నాయి. వేలు పెడితే చాలు, తలుపుకి నూనె వేసినట్టు జారిపోతోంది. ఫోటోలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దాన్ని చూసి నా గుండె కుదుటపడింది, కుదుటపడగానే మళ్ళీ మండింది. చంపుదామనుకుని నూనె పోశాను.

అప్పుడే వాళ్ళబ్బాయి భోజనానికి వచ్చాడు. తల్లి చేతిలో ఫోన్ చూసి, “ఏంటమ్మా, వేసేశావా? ఎన్నాళ్ళ నుంచి బతిమాలుతున్నాను నిన్ను. పెద్దనాన్న మాట పట్టుకుని ఇన్నాళ్ళూ ‘తర్వాత’, ‘తర్వాత’ అంటూనే ఉన్నావు” అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

నేను దాని వైపు తిరిగాను. “నువ్వూ నొక్కలేదా?”

“బావగారి మాట ఈ ఇంట్లో నువ్వొక్కదానివే వింటావా అక్కా?”

నాకు సుద్దముక్క అవసరమైంది. బల్ల మీద వెతకడం మొదలుపెట్టాను.

“నొక్కితే చెడిపోతుందని తెలిసే నొక్కావు” అంది.

“తెలిసే నొక్కాను.”

“కుళ్ళా?”

“కుళ్ళే.”

“నా మీదే?”

“నీ మీద కాక, ఎదురింటి టీచరమ్మ మీదా?”

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడాలి కూడా. కానీ దాని మొహం ఎప్పుడూ చూడనంతగా వికసించింది. బుగ్గన చెయ్యి పెట్టుకుని నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

“నేనీ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచీ నిన్ను చూసి కుళ్ళుకుంటూనే ఉన్నానక్కా. నువ్వు కత్తెర పెడితే బట్ట చెప్పినమాట వింటుందని. అత్తగారు చివరి రోజుల్లో నీళ్ళైనా నీ చేత్తోనే తాగుతానన్నారని. బుడంకాయ చిన్నప్పుడు ఏడుస్తూ వస్తే, గుమ్మంలో నేనున్నా నా పక్కనుంచి నీ దగ్గరికి పరిగెత్తేదని. రోజూ ఏదో ఒకటి. నువ్వు నన్ను చూసి కుళ్ళుకోవడం ఇదే మొదలు. నాకు తెలిసిపోయింది, ఆ రోజు ఉప్పు దగ్గరే. రెండు రోజులు అనుభవిద్దామనుకున్నాను.”

ఇంత జ్ఞాపకం ఉందనుకునే నేను, బుడంకాయ పరిగెత్తుకుంటూ వచ్చేప్పుడు గుమ్మంలో ఎవరున్నారో ఒక్కసారి కూడా గుర్తుపెట్టుకోలేదు.

“అనుభవించావుగా” అన్నాను చివరికి. “కోటు నీదేగా.”

“ఎక్కడి కోటక్కా” అని ఫోన్ నా ఒళ్ళో పెట్టింది. “ఇదిగో.”

ఫోటోలో కోటు హేంగరుకి వేలాడుతోంది. కుట్టాల్సిన కోటు కాదు, కుట్టేసిన కోటు. కాలరుంది, బొత్తాలున్నాయి, జేబులున్నాయి. చేతుల చివర రెండు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. కింద బుడంకాయ గొంతుతో ఒక మాట ఉంటే, తోడికోడలు అది నొక్కింది. “చిన్ననాయనమ్మా, మా మేడం తన పాతకోటు ఒకటి నాకిచ్చారు. చాలా మంచిది. చేతులు కాస్త పొడుగు, అంతే. నాయనమ్మకి చూపించు. మీ ఇద్దరిలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు తగ్గించండి.”

“నాయనమ్మకి చూపించమంది” అన్నాను.

“అంది.”

“చూపించలేదు.”

“నువ్వడగలేదు.”

మళ్ళీ వినిపించమన్నాను. మళ్ళీ వినిపించింది. ఈసారి ఇద్దరికీ ఒకే మాట దగ్గర గుచ్చుకుంది. చాలా మంచిదట. ఇంట్లో ఇద్దరు కుట్టేవాళ్ళని పెట్టుకుని.

“ఎవరే ఈ మేడం?” అన్నాను.

“అదే నేనూ రెండు రోజుల నుంచి చూస్తున్నా” అంది మా తోడికోడలు, ఫోటోని వేళ్ళతో పెద్దది చేస్తూ. “కాలరు బాగానే వేశాడు ఆ కుట్టినవాడెవడో. ఏదైనా వంక దొరుకుతుందేమోనని వెతుకుతుంటే దొరకట్లేదు.”

రెండు రోజులు అది ఫోన్‌లోకి ఎందుకు వంగిందో, పెదవి ఎందుకు విరిచిందో అప్పుడర్థమైంది. నేను దాన్ని చూసి మండుతుంటే, అది ఇంకెవరినో చూసి మండుతోంది.

ఆదివారం బుడంకాయ వచ్చింది. ఇద్దరం మెడలో టేపులతో గుమ్మంలోనే నిలబడ్డాం. తల వంచి లోపలికొచ్చి కోటు తొడుక్కుంది. ఏం చెప్పను, దాని ఒంటికి కొలిచి కుట్టినట్టే ఉంది, ఆ చేతులు తప్ప. నేను కొట్టులో వెలుతురు సరిపోదని వీధి గుమ్మంలో నిలబెట్టి చుట్టూ తిరిగాను. భుజం పొంగలేదు. వీపు ముడత పడలేదు. లైనింగు మడత ఎత్తి చూస్తే, చేతికుట్టు, చీమలు బారు కట్టినట్టుంది. మా తోడికోడలు అవతలి పక్క నుంచి నాకు కళ్ళతోనే చెప్పింది, వంక లేదని.

చెరో చెయ్యి తీసుకున్నాం. అడగలేదు, అనుకోలేదు, మా తోడికోడలు కుడిచేతి కుట్లు విప్పుతుంటే నేను ఎడమచేతివి విప్పడం మొదలుపెట్టాను. బల్ల మీద కోటు పరిచి ఇద్దరం తలా ఒక వైపు వంగాం. మా ఆయన కుర్చీలో కూర్చుని, తోడికోడలి ఫోన్ ఇంకా చురుగ్గానే ఉందా అని అడిగారు. ఉందంటే, “ఇప్పుడు ఉంటుంది, చూస్తూ ఉండండి” అన్నారు. ఏడేళ్ళు అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ మాటిచ్చిన ఫోన్ ఒకటి నాకోసం చూశానని తోడికోడలి కొడుకంటే, “ఏడేళ్ళా? ఆ ఫోన్ నాకంటే ఎక్కువ కాలం ఉండేట్టుంది, నన్ను కూడా ఏదైనా చేయించండి” అన్నారు.

బుడంకాయ మాత్రం బల్ల అంచున కూర్చుని కాళ్ళూపుతూ మేడం గురించే చెప్పింది. మేడం కోర్టులో గొంతు పెంచరట. మేడం పొద్దున్నే లేచి నడుస్తారట. ఈ కోటు మేడం తన మొదటి కేసుకి వేసుకున్నదట, ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదట. మేడం ఇట్లా అంటారు, మేడం అట్లా అంటారు. మేం కుట్టు మీద నుంచి తలెత్తలేదు. ఒక్కో ‘మేడం’కీ ఒక్కో కుట్టు బిగుసుకుంటోంది.

“అక్కా” అంది మా తోడికోడలు నాకు మాత్రమే వినబడేట్టు, కత్తిరించిన బట్టని వేలికి చుట్టి చూపిస్తూ. “ఎంత తీయాల్సొచ్చిందో చూశావా? ఆవిడ నిలబడితే చేతులు మోకాళ్ళు దాటుతాయేమో.”

“నడవడం ఎందుకే ఆవిడకి, కొమ్మ పట్టుకుని ఊగితే సరిపోదూ” అన్నాను.

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆపుకోలేక అది బల్ల మీద తల పెట్టేసింది. బుడంకాయ ఏంటేంటి అని అడిగింది గానీ, దారం తెగిందని చెప్పాం.

ఇస్త్రీ చేసి తొడిగాం. మణికట్టు దగ్గర సరిగ్గా ఆగింది, రెండు చేతులూ. పిల్ల అద్దం ముందు నిలబడి, బొత్తాం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, తన ఫోన్ ఎత్తి ఫోటో తీసుకుంది. నవ్వుతూ ఏదో నొక్కింది. పంపిందని తెలుస్తూనే ఉంది. నా ఫోన్ సంగతి సరే, అది పోయిందే. మేమిద్దరం బల్ల మీదున్న తోడికోడలి ఫోన్ వైపు చూశాం.

అది మోగలేదు. వెలగలేదు.

“అబ్బా, మేడం అప్పుడే చూసేశారు” అంది బుడంకాయ ఫోన్‌లోంచి తలెత్తకుండా.

మా తోడికోడలు తన ఫోన్ తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పక్కనున్న బొత్తాం నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా బల్ల మీద బోర్లా పెట్టేసింది.

“అక్కా, ఇది కూడా పాడైనట్టుందే” అంది.

“అయ్యుంటుందిలే” అన్నాను నేను. “ఈ కాలం ఫోన్లు ఎన్నాళ్ళని వస్తాయి.”